చక్రము మీది రబ్బరు
(పాఠశాల వార్షికోత్సవమున తలిదండ్రుల సభలో చేతిపనుల ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి సభలలో విద్యయొక్క పరమార్థమును గూర్చియో, క్రమశిక్షణను గూర్చియో ప్రసంగించుట పరిపాటి. ఆ విషయములను నాకంటె బాగుగ చెప్పగల పెద్దలు ఈ వేదికపై నున్నారు. నేను వడ్రంగము నేర్పువాడను. నాకు తెలిసినవి ఉలి, బాడిస, రంపము. కావున ఈ సాయంకాలము మీ యెదుట నేను మాటాడబోవునది మూడు మిల్లీమీటర్ల మందము గల యొక రబ్బరు పట్టీని గూర్చి. నవ్వకుడు. ఆ పట్టీ మూలముననే గడచిన సంవత్సరము మన పాఠశాల కర్మశాల మూడు వారములు మూతపడినది.

అప్పుడు ఊరిలో పలువిధములైన మాటలు పుట్టినవి. ఒక బాలుని వ్రేలు తెగినదని కొందరు, యంత్రము బ్రద్దలైనదని కొందరు చెప్పుకొనిరి. మీలో నలుగురైదుగురు నన్ను బజారులో నిలిపి, "అయ్యవారూ, మా పిల్లలను ఆ గదికి పంపవచ్చునా?" యని యడిగిరి. అడుగుట మీ హక్కు. బజారులో నిలుచుండి రెండు ముక్కలలో చెప్పదగిన సమాధానము కాదు గనుక ఈ సభ వరకు ఆగితిని. ఎవరి వ్రేలును తెగలేదు. ఎవరికిని గీతయైన పడలేదు. కాని అందులకు కారణము నా జాగ్రత్త కాదు. ఆ సమయమున యంత్రపు మూత మూసియుండుట. తప్పు నాది. అది యెట్లు జరిగినదో, దానిని మేమెట్లు దిద్దుకొంటిమో ఉన్నదున్నట్లు మనవి చేసెదను.

మొదట యంత్రమును గూర్చి రెండు మాటలు. మిల్లులలో బ్యాండ్‌సా యని పిలుచు ఈ యంత్రమును పట్టె రంపమందము. ఇందు ఒకదానిపై నొకటిగా రెండు చక్రము లుండును. పలుచని ఉక్కు పట్టెకు ఒక యంచున పండ్లు తీర్చి, రెండు కొనలను అతికి వలయముగ చేసి, ఆ వలయమును రెండు చక్రములపై తొడిగి బిగింతురు. క్రింది చక్రమును మోటారు త్రిప్పును. పై చక్రము పట్టెతో బాటు తిరుగును. నడుమ నున్న బల్లపై కొయ్య నుంచి ముందుకు నెట్టినచో, పట్టె పైనుండి క్రిందికి దిగుచు దానిని కోయును.

ఈ యూహ పాతదే. పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్ళలోనే విలియం న్యూబెరీ యను నాంగ్లేయుడు ఇట్టి రంపమునకు పేటెంటు పొందెను. కాని నాటి అతుకు నిలువలేదు. చక్రములపై మాటిమాటికి వంగుట చేత పట్టె అతుకు చోటనే తెగిపోవుచుండెను. 1846లో ఫ్రాన్సు దేశపు వనిత ఆన్ పోలిన్ క్రెపాఁ పట్టె కొనలను గట్టిగ అతుకు విధానమును కనిపెట్టిన పిదపనే ఈ రంపము పనికివచ్చు యంత్ర మైనది. ఈ సంగతి చెప్పినపుడు మన బాలికలు ముందు వరుసకు జరిగి వినిరి.

మన యంత్రపు చక్రముల వ్యాసము 14 అంగుళములు. చుట్టుకొలత యెంతయో మీ పిల్లల నడిగిన చెప్పగలరు: సుమారు 44 అంగుళములు. చక్రము నిమిషమునకు రమారమి 820 సార్లు తిరుగును. అనగా పట్టె నిమిషమునకు 3000 అడుగుల దూరము, గంటకు 55 కిలోమీటర్ల వేగమున పరుగెత్తును. ఊరిబయట బాటపై పోవు బస్సు వేగమిది. అర అంగుళము వెడల్పు గల ఉక్కు పట్టెను ఆ వేగమున దారి తప్పకుండ నిలుపున దేమి? చక్రపు టంచుపై తొడిగిన రబ్బరు టైరు.

టైరనగానే మనకు బండి టైరు జ్ఞప్తికి వచ్చును. ఇది నేలను తాకదు. గాలి నింపునదియు కాదు. ఒక అంగుళము వెడల్పున, అంగుళములో ఎనిమిదవ వంతు మందమున, చక్రమును కౌగిలించుకొనియుండు గట్టి పట్టీ. దాని పనులు నాలుగు. మొదటిది, పట్టె జారకుండ పట్టునిచ్చుట. రెండవది, పండ్లను కాపాడుట. రంపపు పండ్లను ఒకటి కుడికి, ఒకటి యెడమకు కొంచెము వంచియుందురు. అవి నేరుగా లోహపు చక్రమును తాకిన ఆ వంపు చెడి కోత ఇరుకగును, పదును పోవును. మూడవది, అదురును మ్రింగుట. నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది, పట్టెను దారిలో నుంచుట. చక్రపు టంచు నడుమ కొంచెము ఉబ్బెత్తుగ నుండును. బిగువుగ నున్న పట్టె ఆ యుబ్బు మీదికే ఎక్కి నిలువ జూచును. ఇది పట్టెలతో తిరుగు యంత్రము లన్నింటికి సహజ ధర్మము. టైరు అరిగి నడుమ గాడి పడినచో ఆ యుబ్బు మాయమగును. అప్పుడు పట్టెకు దారి చూపువాడు లేడు. ఒకసారి ముందునకు, ఒకసారి వెనుకకు తిరుగాడును.

పెద్ద మ్రానులను చీల్చు కోత మిల్లులలోని వెడల్పు రంపములను చూచినవారు, "వాటికి రబ్బరే లేదు గదా!" యని యడుగవచ్చును. నిజమే. అట్టివాటిలో పెక్కింటికి వట్టి లోహపు చక్రములే. పండ్లు చక్రపు టంచును దాటి వెలుపల నిలుచునట్లు వాటిని తీర్చియుందురు. సన్నని పట్టెతో పనిచేయు మన బోటి యంత్రములకు మాత్రము టైరు తప్పదు.

ఇక నా తప్పు. మన కర్మశాలకు రేకుల కప్పు. బళ్ళారి యెండలు మీకు చెప్పనక్కరలేదు. ఎండ వేడిమి, నూనె చుక్కలు, గాలి, ఇవన్నియు రబ్బరునకు శత్రువులు. కొన్నియేండ్లకు మన యంత్రపు టైర్లు రాయివలె గట్టిపడి, నెఱ్ఱెలు విచ్చినవి. గోటితో నొక్కిన గుంట పడలేదు. అంచులు పొడిగ రాలినవి. క్రొత్త టైర్లు తెప్పింపవలసినది. కాని సంవత్సరాంతమున సామగ్రి పద్దులో మిగిలిన పైకము స్వల్పము. పొదుపు చేయుదునని, ఒక పాత సైకిలు ట్యూబును నిలువున చీల్చి, పట్టీగ కత్తిరించి, జిగురుతో చక్రములకు అంటించితిని. కొనలు రెండును ఒకదానిపై నొకటి యెక్కించి అతికితిని. యంత్రము తిరిగినది. నా తెలివికి నేనే మెచ్చుకొంటిని.

సైకిలు ట్యూబు గాలిని నిలుపుటకు చేసిన వస్తువు. అది పలుచన, మెత్తన. బిగువైన పట్టె క్రింద అది నలిగి ప్రక్కలకు జరుగును. నేను అతికిన చోట మందము రెట్టింపు. చక్రము నిమిషమునకు 820 సార్లు తిరుగుచుండగా, ఆ గుబ్బమీదుగ పట్టె సెకనుకు పదునాలుగు మారులు ఎగిరిపడుచుండెను. కాని చెవికి వినబడినది ఒక చిన్న టకటక ధ్వని మాత్రమే. పాత యంత్రము గదా యని సరిపెట్టుకొంటిని.

ఆ దినములలో పదవ తరగతి పిల్లలు శిశుతరగతి పాపలకై పీటలు చేయుచుండిరి. మన నియమము ప్రకారము పట్టె రంపమును నడుపువాడను నేనొక్కడనే. పిల్లలు కొలతలు వేసి, కొయ్యపై గీత గీచి యిచ్చెదరు. ఆ గీత వెంబడి నేను కోసెదను. కోసిన కాళ్ళు వంకరపోయినవి. పీటలు నేలపై నిలువక ఊగులాడినవి. పట్టె మొద్దుబారినదని తలచి క్రొత్తది వేసితిని. అయినను వంకరయే. అప్పుడు గీతలు గీచిన బాలికను పిలిచి, "గీత సరిగ గీయుట చేతకాదా?" యని తరగతి యెదుట కసరితిని. ఆమె తల వంచుకొని, "అయ్యవారూ, గీత తిన్నగనే యున్నది, రంపమే తప్పుకొని పోవుచున్నది" యని మెల్లగ చెప్పినది. నేను వినలేదు. ఎదురు చెప్పవద్దని కూర్చుండబెట్టితిని.

తరువాతి శనివారము ఉదయము రెండంగుళముల వేప చెక్కను కోయుచుండగా లోపల ఏదియో చిఱ్ఱుమని చీలిన చప్పుడైనది. జిగురు విడిన ట్యూబు ఊడి చక్రమునకు చుట్టుకొనినది. పట్టె చక్రమును వీడి, ఇనుప మూతకు లోపలినుండి ఠపీలున తగిలి మెలిపడినది. స్విచ్చి ఆపితిని. యంత్రము నిలిచిన పిదప వెనుకకు తిరిగి చూచితిని. నాలుగడుగుల దూరమున ఆ బాలికయు, మరియొక బాలుడును కోసిన ముక్కలు చేతబట్టి నిలిచియుండిరి. ఆ రాత్రి నాకు నిదుర పట్టలేదు.

మరునాడు ఆదివారమైనను తాళము తీసి వెళ్ళి, మూలపడవేసిన ఆ వంకర ముక్కలను బయటికి తీసి, గీతపై ఉక్కు కొలబద్ద నుంచి చూచితిని. గీత తిన్నగనే యున్నది. వెండ్రుకవాసియైన వంకర లేదు. రంపమే తప్పుకొనినది.

యంత్రమును అమ్మివేయుదమా యను ప్రశ్న పాలకసంఘమున వచ్చినది. మూడు వారములు గడువు కోరితిని. ప్రధానోపాధ్యాయులు అంగీకరించి, తగిన టైర్లకు పైకము మంజూరు చేసిరి. ఆ పనిని పిల్లలు చూచుచుండగ ఎట్లు చేసితిమో చెప్పెదను. మీలో కొందరికి కలప అడితులు, వడ్రంగపు కొట్లు గలవు గనుక ఇది మీకును ఉపయోగపడవచ్చును.

మొట్టమొదట స్విచ్చి ఆపుట చాలదు. ప్లగ్గు ఊడదీసి, దానిని అందరికిని కనబడునట్లు బల్లపై నుంచవలెను. పిదప బిగువు సడలించి, చేతులకు తోలు తొడుగులు వేసికొని పట్టెను తీయవలెను. యంత్రము తిరుగునపుడు మాత్రము తొడుగులు పనికిరావు. పండ్లు వాటిని పట్టి చేతిని లోనికి లాగును. చక్రములను చేతితో త్రిప్పి, ఇరుసు బేరింగులు వదులుగ నున్నవేమో చూడవలెను. బేరింగు చెడినచో టైరెంత మంచిదైనను వ్యర్థమే.

తరువాత పాత రబ్బరును కోసి తీయుట. తీయుట సులభము, దాని వెనుకటి జిగురును తీయుట కష్టము. ఉలితో గీకిన చక్రమునకు గాట్లు పడును. కనుక కొయ్య చీలికతో గోకి, జిగురును కరగించు ద్రావకముతో తుడిచితిమి. ఆ ద్రావకములు నిప్పునకు వెంటనే అంటుకొనును. కిటికీలు తెరచి, దరిదాపుల అగ్గిపుల్లయైన లేకుండ చేసితిమి. ఒక్క పొలుకు జిగురు మిగిలినను టైరు క్రింద గుబ్బయై నిలుచును. ఆ గుబ్బ యేమి చేయునో అప్పటికే మాకు తెలిసియుండెను.

ఇక ఏ టైరు తగినది? ఇందు రెండు జాతులు గలవు. ఒకటి, గట్టి రబ్బరుతో చేసి జిగురుతో అంటించునది. రెండవది, యురేథేన్ అను పదార్థముతో చేసినది. చక్రముకంటె కొంచెము చిన్న వలయముగ వచ్చును, సాగదీసి తొడిగిన తన పట్టుతోనే నిలుచును, జిగురు అక్కరలేదు. రెండింటిలో ఏది కొనినను చక్రపు వ్యాసము, వెడల్పు, పాత టైరు మందము కొలిచి కొనవలెను. చక్రపు లోహమే నడుమ ఉబ్బియున్నదో లేదో కొలబద్దను అడ్డముగ నుంచి చూడవలెను. లోహము ఉబ్బియున్న అంతటను సమానమైన మందము గల టైరు చాలును. లోహము చదునుగ నున్నచో ఉబ్బు టైరులోనే యుండవలెను. అంటించిన పిదప రబ్బరును సానబట్టి ఆ యుబ్బు తీర్చుట అనుభవజ్ఞుల పని, పిల్లల యెదుట చేయదగినది కాదు. మన చక్రము మొదటి జాతిది. యురేథేన్ టైర్లు తెప్పించితిమి. ఒకటి క్రొత్తది, ఒకటి పాతదిగ నుండకుండ రెండింటిని ఒక్కసారే మార్చితిమి.

వాటిని పదిహేను నిమిషములు వేడి నీటిలో నానబెట్టితిమి. మరుగు నీరు కాదు. చేయి పెట్టి వెంటనే తీయవలసినంత వేడి. మెత్తబడిన టైరును చక్రపు పైభాగమున తొడిగి, కొయ్య ముక్కలు అడ్డమిడి రెండు బిగింపులతో పట్టి, మిగిలిన భాగమును అంగుళ మంగుళముగ లాగి యెక్కించితిమి. ఇద్దరి బలము కావలసివచ్చినది.

ఎక్కిన మాత్రాన పని ముగియలేదు. ఒకచోట ఎక్కువ సాగి పలుచబడును, వేరొకచోట సాగక మందముగ నుండును. అందుచేత నున్నని గుండ్రటి ఇనుప కడ్డీని టైరునకు, చక్రమునకు నడుమ దూర్చి, చుట్టును నాలుగైదు సార్లు త్రిప్పితిమి. దీనిచే సాగుదల అంతటను సమమగును. ఈ ఒక్క పనిని తొందరచేత మానినవారు క్రొత్త టైరు వేసియు పాత బాధనే పడుదురు. తరువాత చల్లారనిచ్చి, చక్రపు టంచునకు దగ్గరగ ఒక పెన్సిలును కదలకుండ నిలిపి చక్రమును చేతితో త్రిప్పితిమి. పెన్సిలునకు, టైరునకు నడుమ సందు ఒకే తీరున నిలిచినచో టైరు సమముగ కూర్చున్నట్లే.

పట్టెను మరల తొడిగి, బిగువిచ్చి, చేతితోనే పలుమారులు త్రిప్పి, అది చక్రపు నడిమి దారిలో నిలుచు వరకు పై చక్రపు వాలును సరిచేసితిమి. గైడులను పట్టెకు దగ్గరగ, తాకీ తాకకుండ అమర్చితిమి. మూతలు మూసి, పిల్లలను దూరముగ పంపి, కొయ్య లేకుండ యంత్రమును నడిపితిమి. టకటక ధ్వని లేదు.

మొదటి కోతకు ఆ బాలికనే పిలిచితిని. తరగతి అందరి యెదుట, "అమ్మా, నీ గీత సరియైనది. నేను నడుపు యంత్రము చెడినది. నీవు చెప్పినపుడు నేను వినియుండవలసినది" యని చెప్పితిని. ఆమె యేమియు ననలేదు. చెక్కపై క్రొత్త గీత గీచి నాకిచ్చినది. రంపము ఆ గీత వెంబడి చివరి వరకు పోయినది. ఆ పీటలు పండ్రెండును ఇప్పుడు శిశుతరగతిలో నున్నవి. సభ ముగిసిన పిదప వెళ్ళి వాటిపై చేయి వేసి ఊపి చూడుడు.

యంత్రముతో వచ్చిన పుస్తకము ఆంగ్లమున నున్నది. దానిని చదివి అర్థము చెప్పుకొని, పిల్లలు తెలుగులో ఒక పట్టిక వ్రాసి యంత్రము ప్రక్కన వ్రేలగట్టినారు. అందలి నియమములు కొన్ని: ప్రతి సోమవారము ప్లగ్గు తీసి, మూత తెరచి, టైర్లను గోటితో నొక్కి చూడవలెను. క్రింది చక్రముపై పేరుకొను రంపపు పొట్టును బ్రష్షుతో తుడువవలెను. అది గట్టిపడి గుబ్బలగును. సెలవులకు పోవునపుడు పట్టె బిగువు సడలింపవలెను. లేనిచో నెలల తరబడి ఒకేచోట నొక్కుకొని టైరునకు గుంట పడును. మూత తెరచియుండగ యంత్రము నడుపరాదు. చివరి నియమము పిల్లలు వ్రాసినది కాదు, నేను చేర్చినది: రంపము తప్పుకొనుచున్నదని ఎవరు చెప్పినను, చెప్పినవారు ఎంత చిన్నవారైనను, యంత్రమును ఆపి చూడవలెను.

1948 నాటి కర్మాగారముల చట్టము, తగిన శిక్షణయో పర్యవేక్షణయో లేనిదే పదునెనిమిదేండ్లు నిండనివారిని అపాయకరమైన యంత్రములకడ పనిచేయింపరాదని విధించెను. పాఠశాల కర్మాగారము కాదు. అయినను మన పిల్లల వ్రేళ్ళు కార్మికుల వ్రేళ్ళకంటె తక్కువ విలువైనవి కావు. కావున పిల్లలు నిలుచుటకు యంత్రమునకు పదడుగుల దూరమున నేలపై ఎఱ్ఱగీత గీయించితిమి. కోత ముగిసి చక్రములు నిలిచిన గాని ఆ గీత దాటరాదు.

"మా పిల్లలను ఆ గదికి పంపవచ్చునా?" యని మీరడిగితిరి. పంపవచ్చును. కాని నా మాట నమ్మి పంపవద్దు. ఏ సోమవారమైనను వచ్చి, మూత తెరచినపుడు మీరే చూచి, మీ గోటితో ఆ రబ్బరును నొక్కి, తృప్తి కలిగినచో పంపుడు. ఇంటికి పోయిన పిదప మీ కొట్లలోని యంత్రముల మూతలను కూడ ఒకసారి తెరచి చూడుడు. అచ్చట సైకిలు ట్యూబు కనబడినచో, రేపటి కోత ఆపుడు. నేను కొన్ని వందల రూపాయల పొదుపు కొరకు ఏమి పోగొట్టుకొన వలసియుండెనో ఇంతకుముందే మనవి చేసితిని.